పదకొండు గంటలకు వెర్షన్ ఫోర్

"నీకు నా అనేవాళ్లు ఎంతమంది?" అని అడిగాడు చీఫ్.

మిషన్ అప్పజెప్పేటప్పుడు ఎన్ని భాషలు వచ్చు, ఎంత దూరం ఈదగలవు అని అడగడం మామూలే. ఇలాంటి ప్రశ్న గుమాస్తా ఎప్పుడూ వినలేదు. గుమాస్తా అంటే నిజంగా గుమాస్తా కాదు. డిపార్ట్‌మెంట్‌లో అతనంత ప్రమాదకరమైన ఏజెంట్ ఇంకొకడు లేడు. కానీ ఆ బట్టతల, మోచేతుల దగ్గర వెలిసిపోయిన చొక్కా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టుండే మొహం చూసి ఎవరో ఆ పేరు పెట్టారు. అదే అతుక్కుపోయింది.

"ఒక్కరే సార్. మా అక్క."

"తెలుసు." చీఫ్ ఫైలు తెరిచాడు. గోడ గడియారం ఎనిమిదీ ఇరవై చూపిస్తోంది. "మెదడులో చిప్ పెట్టించుకున్నవాళ్లు మొత్తం మూడు వేల రెండు వందల మంది. ఫోన్‌కి వచ్చినట్టే ఆ చిప్‌కీ అప్‌డేట్లు వస్తాయి. ఒక్కో అప్‌డేట్‌కీ మతిమరుపు వచ్చినవాళ్లకి కాస్త గతం గుర్తొస్తుంది, మాట పడిపోయినవాళ్లకి ఒకటో రెండో మాటలొస్తాయి. మంచి పనే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కొత్తది, వెర్షన్ ఫోర్, ఇవాళ పదకొండింటికి ఆన్ అవుతుంది. దాన్ని రాసింది కంపెనీ ఇంజనీర్లు కాదు. విదేశీ ముఠా. దాని నాయకుడు ఆ కంపెనీ డైరెక్టరే."

"ఏం చేస్తుంది సార్?"

"మనిషిని కెమెరాగా మారుస్తుంది. చూసిందీ విన్నదీ అంతా వాళ్లకి చేరుతుంది. ఆ లిస్టులో రిటైరైన జనరల్స్ ఉన్నారు, అణు శాస్త్రవేత్తలున్నారు, ఇద్దరు మంత్రుల తండ్రులున్నారు. మీ అక్క కూడా ఉంది."

"సర్వర్‌కి కరెంటు తీసేస్తే?"

"లాభం లేదు. నిన్ననే అందరి తలల్లోకీ ఎక్కేసింది. టైముకి దానంతటదే లేస్తుంది. ఉన్నది ఒకటే దారి. రోల్‌బ్యాక్. చిప్ మొత్తం తుడిచేయాలి." చీఫ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఫోర్ పోతుంది. దానితో పాటు వన్, టూ, త్రీ కూడా పోతాయి."

"మళ్లీ ఎక్కించలేరా?"

"ఒకసారి తుడిచిన చిప్ ఇక పనిచేయదు. ఆ వయసువాళ్లకి రెండోసారి తల తెరిస్తే బతకరంటున్నారు డాక్టర్లు."

అమ్మ పోయేనాటికి గుమాస్తాకి నాలుగేళ్లు, అక్కకి పదిహేడు. యూనిఫారాల ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుట్టి, పెళ్లి మాట ఎత్తనివ్వకుండా అతన్ని పెంచింది. ఐదేళ్ల కిందట మరపు మొదలైంది. ముందు గ్యాస్ కట్టేయడం మర్చిపోయింది, తర్వాత ఇంటిదారి, ఆఖరికి తమ్ముణ్ణి. రెండేళ్లపాటు అతన్ని చూసి, కరెంటు మీటరు చూసుకోవడానికి వచ్చావా అని అడిగేది. మూడు నెలల కిందట చిప్ పెట్టాక, ఒక సాయంత్రం కళ్లు చిట్లించి చూసి, "ఎంత చిక్కిపోయావురా" అంది. అతను బాత్రూంలోకి వెళ్లి, కొళాయి తిప్పి, ఏడ్చాడు.

"వేరే వాళ్లని పంపండి సార్."

"కుదరదు. రోల్‌బ్యాక్‌కి రెండు కావాలి. ఆపరేషన్స్ ఇన్‌చార్జి తాళం ఒకటి, పేషెంటు తరఫు బంధువు వేలిముద్ర ఒకటి. ఎవరి పేషెంటు జోలికీ వాళ్లకి చెప్పకుండా వెళ్లకూడదని పెట్టిన రూలు. తీరా కంపెనీవాళ్లు ఒళ్లు బద్ధకించి, ఒక్కొక్కరికీ విడిగా పెట్టాల్సిన తాళాన్ని అందరికీ కలిపి ఒకటే పెట్టారు. ఏ ఒక్క బంధువు వేలు పెట్టినా అందరివీ తుడుచుకుపోతాయి. ఆ రిజిస్టర్‌లో ఉన్న బంధువుల్లో మన మనిషివి నువ్వొక్కడివే." చీఫ్ గొంతు తగ్గించాడు. "నీ తెలివి కోసం పిలవలేదయ్యా. నీ బొటనవేలు కోసం పిలిచాను."

ఇన్‌చార్జి మన మనిషేనని చెప్పాడు. ముఠాలో చేరినట్టు నటిస్తూ రెండేళ్లుగా మనకి కబుర్లు పంపుతోంది. అందరూ మేడమ్ అంటారు. ఆమె నవ్వితే ఎంబసీల్లో బీరువాలు వాటంతటవే తెరుచుకుంటాయని డిపార్ట్‌మెంట్‌లో జోకు.

పదింటికి వ్యాన్‌లో కూర్చుని, ఏసీ మెకానిక్ యూనిఫారం బొత్తాలు పెట్టుకుంటూ అక్కకి ఫోన్ చేశాడు. డ్యూటీలో సొంత ఫోన్లు నిషేధం. డ్రైవరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"ఏరా, పొద్దున్నే గుర్తొచ్చానా?"

"ఊరికే చేశానక్కా."

"ఊరికే చేసేవాడివైతే నిన్న ఎందుకు చేయలేదు? సరే విను. ఆ నీలం చొక్కా తెచ్చి పడెయ్. కాలరు అరిగిపోయింది, తిప్పి కుడతాను. అది తొడుక్కుని ఆఫీసుకి వెళ్తుంటే నాకు తల కొట్టేసినట్టుంది."

"తెస్తాను."

"గొంతేంటి అలా ఉంది? జలుబు చేసిందా?"

"అవునక్కా," అన్నాడు. శత్రువుల ముందు ఎన్నో అబద్ధాలు చెప్పి నిలబడ్డ మనిషికి ఆ చిన్న అబద్ధం చెప్పడానికి ఊపిరాడలేదు.

పదీ నలభై ఐదుకి కంపెనీ బిల్డింగులో నాలుగో అంతస్తు. నేల తుడిచిన మందు వాసన, వరసగా బూడిదరంగు తలుపులు, చివర సర్వర్ రూం. గుమాస్తా టూల్‌బాక్స్‌లోంచి స్క్రూడ్రైవర్ తీసి పిడి ఒక చుట్టు తిప్పాడు. కారిడార్‌లోని కెమెరాల ఎర్రలైట్లన్నీ ఆరిపోయాయి. చెవి మిషన్‌లో చీఫ్ గొంతు: "పావుగంట దాకా అవి పనిచేయవు."

లోపల మెషీన్ల మధ్య మేడమ్ నిలబడి ఉంది. నల్లకోటు, ఎత్తుమడమల చెప్పులు, ఆ చల్లటి గదిలో కూడా ఖరీదైన సెంటు వాసన.

"ఈ గదిలో చలి ఎక్కువైందటగా," అన్నాడు గుమాస్తా. అది కోడ్.

"చలి కాదు, చప్పుడు ఎక్కువైంది," అంది మేడమ్. జవాబు సరిగ్గానే చెప్పింది. ఆ వెంటనే కోటు జేబులోంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ తీసి అతని గుండెకి గురిపెట్టింది. "ఆ చెవిలోది తీసి కింద పెట్టండి."

అతను తీసి కింద పెట్టాడు. మడమతో తొక్కింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"ఏడాదైంది. అంతకు ఏడాది ముందు మావారికి యాక్సిడెంటై మాట పడిపోయింది. డిపార్ట్‌మెంట్‌కి తెలియకుండా వేరే పేరుతో చిప్ పెట్టించినా రాలేదు. వెర్షన్ ఫోర్‌తో వస్తుందని వాళ్లు మాటిచ్చారు. దేశం నాకు మెడల్ ఇచ్చింది. వాళ్లు మొగుణ్ణి ఇస్తామన్నారు." ఆమె గొంతులో పొగరు లేదు, అలసట ఉంది. "మీ అక్కగారి ఫైలు చూశాను. మూడు నెలలే అయింది కదా ఆవిడ మిమ్మల్ని గుర్తుపట్టి? ఫోర్ ఆన్ అయితే చిన్నప్పటి సంగతులు కూడా వస్తాయి. ఇంటికెళ్లిపోండి. తాళం దొరకలేదని చెప్పండి. మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు."

గుమాస్తా ఆలోచించాడు. ఆలోచించలేదని రాస్తే అబద్ధమవుతుంది. అక్క రేపూ తిడుతుంది, ఎల్లుండీ తిడుతుంది. రహస్యాలు ఎవరికి చేరితే ఏం, ఆ జనరల్స్ అంతా ఏం ఒరగబెట్టారు అని కూడా అనుకున్నాడు. గడియారం పదీ యాభై నాలుగు.

అప్పుడు గమనించాడు. పిస్టల్ సేఫ్టీ లాక్ ఆమె ఇంకా తీయలేదు. తుపాకీ పట్టడం కొత్త కాదు ఆమెకి.

"మీవారి మీద టెస్టు చేసే ఉంటారు," అన్నాడు మెల్లగా. "మాట్లాడారా?"

"ఇవాళ పొద్దున చేశారు. మంచినీళ్లు పట్టుకెళ్లాను. నా వైపు చూసి నోరు తెరిచారు. రెండేళ్ల తర్వాత ఆయన గొంతు విన్నాను." కళ్ల కాటుక కరిగి చెంప మీదికి వచ్చింది. "'ఎదురుగా స్త్రీ. వయసు సుమారు నలభై. కుడిచేతిలో గాజు గ్లాసు. తలుపు తెరిచి ఉంది,' అన్నారు. మళ్లీ మొదట్నుంచీ అదే చదివారు. నేను ఏడుస్తుంటే, స్త్రీ ఏడుస్తోంది అన్నారు."

గుమాస్తాకి అక్క కళ్లముందు మెదిలింది. ఎదురుగా పురుషుడు, బట్టతల, అంటుంది.

"మర్చిపోతే మా అక్క మా అక్కగానే ఉంటుందండీ," అన్నాడు. "ఇదైతే అదీ ఉండదు."

మేడమ్ పిస్టల్ దించింది. మెడలోని గొలుసు లాగి, దానికున్న చిన్న తాళం తీసి మెషీన్‌లో పెట్టి తిప్పింది. సరిగ్గా అప్పుడే తలుపు మీద దబదబా బాదడం మొదలైంది. కంపెనీ డైరెక్టర్, అంటే ముఠా నాయకుడు, బయట మనుషులతో వచ్చేశాడు. కారిడార్‌లో కెమెరాలు చచ్చిపోవడం చూసి అనుమానం వచ్చినట్టుంది. మేడమ్ బల్లని తలుపుకి అడ్డం లాగి దానికి వీపు ఆనించి నిలబడింది.

స్క్రీన్ మీద అక్షరాలు: పేషెంటుతో మీ సంబంధం?

తమ్ముడు, అని టైప్ చేశాడు. ఆ మాట మీద వేళ్లు ఒక క్షణం ఆగాయి.

వేలు పెట్టాడు. చెమట పట్టిన వేలు. మళ్లీ ప్రయత్నించండి, అంది మెషీన్. యూనిఫారానికి తుడుచుకుని పెట్టాడు. మళ్లీ ప్రయత్నించండి. పదీ యాభై తొమ్మిది నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు. తలుపు కీలు ఊడింది. ఏడ్చినట్టే ఉంది నీ మెషీన్, అని గొణుగుతూ వేలిమీద ఊది, మూడోసారి గట్టిగా నొక్కాడు.

రెండు సెకన్లు మిగిలి ఉండగా స్క్రీన్ తెల్లబడింది. రోల్‌బ్యాక్ పూర్తయింది.

తలుపు విరిగి పడేసరికి డైరెక్టర్ వెనకే చీఫ్ మనుషులు కూడా ఉన్నారు. చెవి మిషన్ మూగబోయిన మరుక్షణమే బయల్దేరారట. బేడీల చప్పుడు తగ్గాక మేడమ్ రెండు చేతులూ చాచింది.

"రేపు పదింటికి మీరే ఆఫీసుకి రండి," అన్నాడు గుమాస్తా. "ముందు ఇంటికెళ్లి ఆయన పక్కన కూర్చోండి."

ఆమె తలూపి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయింది.

మధ్యాహ్నం అక్క ఇంటి తలుపు నర్సు తీసింది. "పదకొండింటికి కుడుతూ కుడుతూ ఆగిపోయారండి. అప్పట్నుంచీ ఇది ఎవరిల్లని అడుగుతున్నారు," అంది.

అక్క కిటికీ పక్కన కూర్చుని ఉంది. అతన్ని చూసి మర్యాదగా నవ్వింది. ఆ మర్యాదే అతనికి భరించరానిదైంది.

"కూర్చో బాబూ. మీటరు చూడ్డానికి వచ్చావా?"

"కాదక్కా. ఊరికే వచ్చాను."

"ఏం పని చేస్తుంటావు?"

గోడౌన్ల ఇన్‌స్పెక్టర్ని, అని ఇన్నాళ్లూ ఆమెకి చెప్పిన మాటే నాలుక మీదికి వచ్చింది. దాన్ని మింగేశాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదట్నుంచీ చెప్పాడు. మారువేషాలు, దొంగ పాస్‌పోర్టులు, వీపు మీది గాయం నిజంగా ఎలా తగిలిందీ, ఇవాళ పొద్దున ఏం చేసి వచ్చిందీ. ఎవరికీ చెప్పుకోలేనిదంతా చెప్పాడు. చివరికి వచ్చేసరికి ఏడుస్తున్నాడు. అక్క చెంగుతో అతని మొహం తుడిచి, అటూ ఇటూ చూసి, దగ్గరికి వంగి రహస్యంగా చెప్పింది.

"పరాయివాళ్ల దగ్గర ఇలాంటివన్నీ వాగకు బాబూ. ఉద్యోగం పోతుంది."

డిపార్ట్‌మెంట్ రూల్‌బుక్‌లో మొదటి పేజీ మొదటి లైనులో ఉన్నదీ ఆ ముక్కే. "అలాగేనండీ," అన్నాడు గుమాస్తా.