రెండు క్యాన్ల హైడ్రో

రెమీ డ్యుషార్మ్‌ను చంపినవాళ్లు చాలా శుభ్రంగా చంపారు. విన్నిపెగ్ సరస్సు ఒడ్డున ఉన్న అతని క్యాబిన్‌కి వచ్చే కరెంటు తీగ తెంపారు. బయట మైనస్ ముప్పై ఎనిమిది. గత్యంతరం లేక అతను కట్టెల పొయ్యి రాజేసుకుని పడుకున్నాడు. ఎవరో పొగగొట్టంలో దుప్పటి ముక్క కుక్కి, పని అయ్యాక తీసేశారు. పోలీసులు వచ్చి 'ప్రమాదం' అని రాసుకుని, కాఫీ తాగి వెళ్లిపోయారు.

మూడో రోజు పొద్దున్న రెమీ తమ్ముడు లియో ఆ క్యాబిన్ తలుపు తీశాడు. లియో ఏం ఉద్యోగం చేస్తాడో వాళ్లమ్మకు కూడా తెలియదు. గూఢచారి విభాగంలో అతని పేరు మీటర్ రీడర్. ఆ వేషంలో అతను వెళ్లలేని ఇల్లు మానిటోబా ప్రావిన్స్‌లో లేదు.

పొగగొట్టం అంచున కాలిన ఉన్ని పోగు దొరికింది. తలుపు పక్కన ఇంకో రెండు వస్తువులు దొరికాయి. దుకాణంలో కొన్న మంచినీళ్ల క్యాన్లు. మూత తియ్యలేదు. లోపల నీళ్లు గడ్డకట్టి ప్లాస్టిక్ చిట్లింది.

లియో వాటి వంక చాలాసేపు చూశాడు. సరస్సు ఒడ్డున ఉన్న ఇంటికి నీళ్లు మోసుకొచ్చే మహానుభావుడెవరు?

జేబులోంచి ఫోన్ తీసి, అన్న వదిలిన ఆఖరి సందేశం మళ్లీ విన్నాడు.

"ఒరేయ్ లియో, క్యాబిన్లో హైడ్రో పోయిందిరా. పర్లేదులే, పొయ్యి ఉంది. కోరిన్ వస్తానంది, ఏవో కాయితాలు తెస్తుందట. ఆమెకీ చెప్పాను హైడ్రో లేదని. ఏమీ తేవద్దన్నా వినలేదు."

లియోకి ఒళ్లు మండింది. ఒక క్యాన్ తీసి తన ట్రక్కులో వెనక పెట్టుకున్నాడు.

*

"ఉల్లిపాయతోనా, లేకుండానా?"

"క్రీము ఎక్కువ వెయ్యండి."

కోడ్ సరిపోయింది. చర్చి కింది హాల్లో పెరోగీలు, అంటే ఆలుగడ్డ కూరిన కజ్జికాయలు, చుడుతున్న ముసలమ్మ పక్కకు జరిగి దారిచ్చింది. లోపలి గదిలో విభాగాధిపతి సోన్యా మెల్నిచుక్ చేతులకు పిండితోనే కూర్చుని ఉంది. ఆమె నలభై ఏళ్లుగా గూఢచారులనూ పెరోగీలనూ ఒకే చేత్తో మూసిపెడుతోంది.

"కూర్చో నాయనా. మీ అన్న రాతలు నేను వారం వారం చదివేదాన్ని," అంది. "ఇప్పుడు ఏడవడానికి టైం లేదు. విను."

సంగతి ఇది. ప్రావిన్స్ విద్యుత్ సంస్థను అమ్మే బిల్లు రేపు సాయంత్రం నాలుగింటికి శాసనసభలో ఓటుకు వస్తుంది. కొనేది విదేశీ ముఠా. బయటికి పెట్టుబడి సంస్థ వేషం, నాయకుడి పేరు వాన్ హెస్ట్. ఒక్క సభ్యురాలు ఎటూ తేల్చుకోలేదు. చలి ముదిరిన రోజున ఊరంతా చీకటైతే చాలు, 'చూశారా, సర్కారు నడిపితే ఇంతే' అని ఆమెను తమవైపు లాక్కోవచ్చని వాళ్ల ఎత్తు. ఆ చీకట్లో ఎంతమంది ముసలివాళ్లు గడ్డకట్టుకుపోతారో వాళ్లకు అనవసరం.

దీన్నే రెమీ పత్రికలో తన వారం వారం శీర్షికలో ఎండగట్టాడు. "ఆ డ్యాములు మన తాతల చెమట. ముంపులో ఊళ్లు పోగొట్టుకున్న ఉత్తరాది జనానికి ఇంకా న్యాయమే జరగలేదు, అప్పుడే అమ్మకమా? వీళ్లు అమ్మేది డ్యాము కాదు, మీ మనవల చలికాలం." ఆ వాక్యం ప్రతి వంటింటి ఫ్రిజ్ మీదా అంటించి ఉంది. అందుకే చంపారు.

"ముఠాలో మన మనిషి ఉంది. కోరిన్ ఆష్‌బీ," అంది సోన్యా. "రేపు పొద్దున్న ఉత్తరాన డ్యాము మీద దాడి అని కబురు పంపింది. మనవాళ్లందర్నీ విమానంలో అటు పంపించేశా."

"వెనక్కి పిలవండి మేడమ్. మా అన్నను చంపింది ఆవిడే."

"ఆమె ఆ క్యాబిన్‌కి వెళ్లనే లేదంది. మంచుతుఫానట. నీ దగ్గర సాక్ష్యం ఏముంది?"

"నీళ్లు."

సోన్యా చేతుల పిండి తుడుచుకుని అతనికేసి చూసింది.

"మేడమ్, మన దగ్గర హైడ్రో అంటే ఏంటి?"

"కరెంటు. పసిపిల్లల్నడిగినా చెప్తారు. హైడ్రో బిల్లు, హైడ్రో స్తంభం, హైడ్రో పోయింది. ఇదేం ప్రశ్న?"

"కోరిన్ ఇక్కడే డాఫిన్ ఊళ్లో పుట్టి పెరిగానని చెప్పింది కదా. అన్నయ్య హైడ్రో లేదంటే, రెండు క్యాన్ల నీళ్లు పట్టుకెళ్లింది. చదువుకున్న పుస్తకాల్లో హైడ్రో అంటే నీళ్లు మరి. చంపడానికి వెళ్తూ మర్యాదకి నీళ్లు తీసుకెళ్లింది మేడమ్!"

సోన్యా గోడ గడియారం చూసింది.

"అంటే ఉత్తరాన దాడి కబురూ అబద్ధమే. అక్కడి తుఫానులో విమానం తిరిగొచ్చేసరికి రేపు సాయంత్రం దాటుతుంది," అంది. "నువ్వొక్కడివే ఉన్నావు. ఆమె చెయ్యి మీట మీద ఉండగా పట్టుకోవాలి. ముందే పట్టుకుంటే లాయర్లు గంటలో విడిపిస్తారు. ఇంకోటి. నాకు ప్రాణాలతో కావాలి."

"ప్రాణాలతోనా?"

"ప్రాణాలతోనే. ఎంత వెచ్చగా అన్నది నేను చెప్పలేదు."

తర్వాత బల్ల సొరుగులోంచి ఒక నారింజ రంగు తీగ తీసి ఇచ్చింది. చలికాలంలో ఇంజన్ గడ్డకట్టకుండా ప్రతి కారునూ రాత్రీ పగలూ ప్లగ్గుకు తగిలించే మామూలు తీగలాగే ఉంది. దీని లోపల మాత్రం ఒక మైకు, ఒక స్విచ్ ఉన్నాయి. మీట లియో చేతి తొడుగులో ఉంటుంది. నొక్కితే తీగ ప్లగ్గులోనే ఉన్నట్టు కనిపిస్తుంది, కారుకు మాత్రం వేడి అందదు.

ఆ సాయంత్రమే మీటర్ రీడర్ వేషంలో కోరిన్ దిగిన హోటల్‌కి వెళ్లి, ఆమె కారు తీగ మార్చేశాడు.

*

మర్నాడు నగరానికి అరగంట దూరంలో ఉన్న పల్లెలో కర్లింగ్ పోటీలు, మంచు మీద రాళ్లు జార్చి వాటి ముందు చీపుర్లతో ఊడ్చే ఆట. బహుమతులు ఇచ్చేది వాన్ హెస్ట్ సంస్థ, అందజేసేది కోరిన్. వెండినక్క బొచ్చు కోటు, ఎర్రటి పెదవులు, ఎవరితో మాట్లాడినా వాళ్లే లోకమన్నట్టు నవ్వు. అందరిలాగే ఆమె కూడా కారును ముందు స్తంభానికి తగిలించి లోపలికి వెళ్లింది. ఆ మాత్రం నేర్పి పంపారు.

వెళ్లేముందు కారులో కూర్చుని ఫోన్ చేసింది. లియో తన ట్రక్కులో చెవి ఒగ్గి విన్నాడు.

"మూడూ నలభైకి కన్వర్టర్ స్టేషన్ కంచె పక్కకు వెళ్తాను. డ్యాముల కరెంటంతా అక్కడికే కదా వచ్చేది. లోపల పెట్టిన దానికి కిలోమీటరు దగ్గర్నుంచి సంకేతమిస్తే చాలు. యంత్రం కారుకే బిగించి ఉంది, ఇంజన్ తిరుగుతుంటే పనిచేస్తుంది. నాలుగింటికి సభలో మీరు చూసుకోండి."

"ఆ రాతలవాడి సంగతి?" అవతల వాన్ హెస్ట్ గొంతు.

"వాడా? చలిలో అంత దూరం వచ్చానని చివరిదాకా నాకోసం బాధపడ్డాడు."

లియో పళ్లు పటపట కొరికాడు. గడియారం చూశాడు. తొమ్మిదిన్నర. చేతి తొడుగులోని మీట నొక్కాడు.

ఆ తర్వాత ఊలు టోపీ, పాత స్వెటర్ తొడుక్కుని, చీపురు పట్టుకుని పోటీలో దిగాడు. ఆరు గంటలు మంచు ఊడ్చాడు. ఒకసారి ఆమె ఎదురుపడి "బాగా ఆడుతున్నారు," అంది. "చలి అలవాటైతే ఆట అదే వస్తుందండి," అన్నాడు.

మూడూ ఇరవైకి కోరిన్ జారుకుంది. కారెక్కి తాళం తిప్పింది. ఇంజన్ ముసలి ఆవులా మూలిగి ఊరుకుంది. మళ్లీ తిప్పింది. ఈసారి మూలగనైనా లేదు. కిటికీలోంచి చూస్తున్న లియోకి రెమీ పోయాక మొదటిసారి ప్రాణం హాయిగా అనిపించింది.

ఆ హాయి నిమిషమే. మానిటోబాలో కారు కదలకపోతే దారిన పోయేవాళ్లంతా చుట్టాలే. నలుగురు రైతులు గంతులేస్తూ బయటికి ఉరికారు.

"ఏం తల్లీ, కారు మొరాయించిందా? దిగులుపడకు!"

"అబ్రమ్! నీ ట్రక్కు తీసుకురా, బూస్ట్ ఇద్దాం!"

కారును వెనక్కి మంచుగోడ దాకా నెట్టారు. డెబ్బై దాటిన అబ్రమ్ ఫ్రీసెన్ తన ట్రక్కును కారు మూతికి మూతి ఆనించి నిలిపి, బ్యాటరీకి బ్యాటరీ కలిపి తీగలు తగిలించాడు. లియో చీపురుతోనే బయటికి పరుగెత్తాడు. ఏ జనం కోసం అన్న చచ్చిపోయాడో, ఆ జనమే హంతకురాలి కారు నడిపించేలా ఉన్నారు.

అబ్రమ్ బానెట్ కిందికి తొంగిచూసి, ఇంజన్ మీద చెయ్యి వేశాడు. "చల్లటి శవంలా ఉందే. అమ్మాయీ, దీనికి పొద్దుట్నుంచీ హైడ్రో అందలేదు!"

"నీళ్లకేం లోటు లేదండీ, నిన్ననే నిండా పోయించాను!" అంది కోరిన్ విసుగ్గా. "తొందరగా కానివ్వండి!"

ఇంజన్ దగ్గి అంటుకుంది. డ్యాష్‌బోర్డు కింద ఒక పచ్చదీపం వెలిగింది. మూడూ ముప్పై మూడు.

అబ్రమ్ మాత్రం కదల్లేదు.

"ఏ ఊరన్నావమ్మా నువ్వు?"

"డాఫిన్. ట్రక్కు తియ్యండి, ప్లీజ్."

"మా ఆవిడదీ డాఫినే," అన్నాడు అబ్రమ్ నింపాదిగా. "అక్కడ హైడ్రో అంటే నీళ్లని ఎప్పట్నుంచంటున్నారు?"

నవ్వుతున్న రైతులు ఒక్కొక్కరే నవ్వాపారు. కోరిన్ హారన్ మీద చెయ్యేసి నొక్కింది. ముందు ట్రక్కు, వెనక మంచుగోడ.

లియో టోపీ తీసి ముందుకొచ్చాడు. "నేను రెమీ డ్యుషార్మ్ తమ్ముణ్ణండి. అన్నయ్య క్యాబిన్లో హైడ్రో లేదంటే నీళ్లు పట్టుకెళ్లి, పొగగొట్టం మూసి చంపింది ఈవిడే. ఇప్పుడు ఊరందరి హైడ్రో తియ్యడానికి బయల్దేరింది."

అబ్రమ్ తన ట్రక్కు తాళంచెవి ఊడదీసి, జేబులో వేసుకుని, జేబుకు గుండీ పెట్టుకున్నాడు.

కోరిన్ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. లియో చీపురు అంతకంటే వేగంగా తెరిచిన కిటికీలోంచి లోపలికి పోయింది. పిస్తోలు ఎగిరి మంచులో పడింది. అతను లోపలికి వంగి కారు తాళం తిప్పేశాడు. ఇంజన్ ఆగింది, పచ్చదీపం ఆరింది. టైం మూడూ ముప్పై తొమ్మిది.

"నేను మీ మనిషినే లియో! స్టేషన్‌ని కాపాడ్డానికే వెళ్తున్నా!"

"తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డికన్నాడట నీలాంటివాడే."

నగరం నుంచి పోలీసులు రావడానికి అరగంట పడుతుంది. కారులో వేడి అప్పుడే చచ్చింది. కోరిన్ పళ్లు టకటకలాడుతున్నాయి.

"లోపలికి... తీసుకెళ్లండి... చచ్చిపోతాను..."

"మా అన్న కూడా లోపలే ఉన్నాడు," అన్నాడు లియో. తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె ఊపిరి అద్దం మీద మంచుపొరగా పేరుకోవడం చూస్తూ, ఇంకా కావాలి, ఇంకా కావాలి అనుకున్నాడు.

అబ్రమ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "లోపలికి తీసుకురావాల్సిందే నాయనా. మనిషిని చలికి వదలడం మన ఇంటావంటా లేదు." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించాడు. "తొందరేం లేదు గానీ."

*

నాలుగుంబావుకి సోన్యా ఫోన్ చేసింది. ఊళ్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఎటూ తేల్చుకోని సభ్యురాలు వద్దని ఓటేసింది. ఒక్క ఓటు తేడాతో బిల్లు వీగిపోయింది. సందర్శకుల గ్యాలరీలో వాన్ హెస్ట్ మాటిమాటికీ దీపాలకేసి చూస్తుండగానే, తీగలోని మైకు పట్టిన మాటల సాక్ష్యంతో చేతులకు బేడీలు పడ్డాయి.

"ఆమె బతికే ఉందా?" అడిగింది సోన్యా.

"ఉంది మేడమ్. హీటర్ పక్కనే కూర్చోబెట్టాం. దాహంగా ఉందంటోంది."

"ఇచ్చావా?"

లియో అటు చూశాడు. కోరిన్ ఒళ్లో, చిట్లిన ప్లాస్టిక్‌తో, రెమీ గుమ్మం పక్కనుంచి తెచ్చిన క్యాన్ ఉంది.

"ఇచ్చాను మేడమ్. ఆవిడ తెచ్చిందే. కరిగేదాకా ఆగాలి మరి."