కింది అరలో సీసా

గురువారం పొద్దున్నే దానవాయిపేటలోని డిటెక్టివ్ రాజరత్నం ఆఫీసుకి వచ్చిన క్రిస్టినా కుర్చీలో కూర్చోకుండానే ఏడ్చేసింది.

"నా కణాల్ని ఎవరో మార్చేశారండి! రేపు ల్యాబ్ కమిటీ ముందు నా ఫలితం చూపించలేకపోతే నన్ను అబద్ధాలకోరని తేల్చేస్తారు. ఇన్నేళ్ల పని, ఉద్యోగం, అన్నీ పోతాయండి."

నెమ్మదిగా అడిగితే విషయం తేలింది. ఆమె రాజమండ్రిలోనే ఒక ల్యాబ్‌లో మెదడు కణితుల మీద పరిశోధన చేస్తోంది. కొన్ని కణితి కణాల గోడల్లో పంపుల్లాంటి ప్రోటీన్లు ఉంటాయి. లోపలికి వెళ్లిన మందుని అవి వెంటనే బయటికి తోడేస్తాయి. అందుకే రోగికి మందు పనిచెయ్యదు. ఆ పంపుని ఆపే పదార్థం క్రిస్టినాకి దొరికింది. దాన్ని నిరూపించడానికి అలాంటి మొండి కణాల్ని ఒక సీసాలో పెంచుతోంది. వాటి మొండితనం పోకుండా, మేతగా పోసే ద్రవం మార్చినప్పుడల్లా అందులో కాస్త మందు కలపాలి.

"మంచి శుక్రవారానికి మా ఊరు పాలకొల్లు వెళ్లాను. సోమవారం వచ్చి, కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పెట్టె తాళం నేనే తీశాను. సీసాలో కణాలు బతికే ఉన్నాయి. కొన్ని తీసి పరీక్ష పెడితే, మేతలో కలిపే ఆ కాస్త మందుకే చచ్చిపోయాయండి!"

ఆమెకి అనుమానం తోటి పరిశోధకుడు నిరంజన్ మీద. రాజరత్నం అసిస్టెంటు గణేష్‌బాబు కూడా ల్యాబ్‌కి వెళ్లే దారిలోనే అతన్ని దోషిని చేసేశాడు. అసూయ ఉన్నవాడు అరుస్తాడని గణేష్‌బాబు గట్టి నమ్మకం.

నిరంజన్ నిజంగానే అరిచాడు. "ఆవిడ పేరు వింటేనే ఒళ్లు మండుతుందండి. నా పని గురించి ఎవరైనా అడిగారా? కానీ ఆ సీసా నేను ముట్టుకోలేదు. పండగ రోజుల్లో తాళంచెవి తబిత దగ్గరుంది."

తబిత క్రిస్టినాకి చిన్ననాటి స్నేహితురాలు. ఊళ్లో ఒకే చర్చి, పాటలు పాడే క్వయరూ ఒకటే, ఇక్కడ ఒకే ల్యాబ్, ఉండేది ఒకే గది.

"పండక్కి ఊరెళ్లలేదేమ్మా?" అని అడిగాడు రాజరత్నం.

"పనుందండి."

"మంచి శుక్రవారం చర్చిలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు కదా. మీకు ఇవ్వరా?"

"ఏటా నాలుగో మాట నాదేనండి. ఈసారి క్రిస్టినాకి ఇచ్చారు." తబిత చేతి గ్లవుజు వేళ్లని లాగుతూనే ఉంది.

"మరి కణాల మేత ఎవరు చూశారు?"

"నేనేనండి. ఒక్కసారి కూడా మందు మానలేదు. ఆదివారం సాయంత్రం కూడా వేసి, తాళం నేనే పెట్టాను. నాకంటే జాగ్రత్తగా ఎవరు చేస్తారు చెప్పండి?"

రాజరత్నం అందర్నీ ఒకచోట కూర్చోబెట్టాడు.

"ఈ సీసాలోవి ఆ కాస్త మందుకే చచ్చే మామూలు కణాలు. తబితగారు ఆదివారం దాకా వీటికే మందు వేసి ఉంటే, సోమవారం క్రిస్టినాగారికి బతికున్న కణం ఒక్కటీ దొరికేది కాదు. తాళం పెట్టింది ఒకరు, తీసింది ఒకరు. మధ్యలో ఇంకెవరూ లేరు."

"అయితే మందు వెయ్యలేదా సార్?" అన్నాడు గణేష్‌బాబు, కళ్లు పెద్దవి చేసి.

"వేశారు. పని మీద అంత గర్వం ఉన్నవాళ్లు ఆ ఒక్క విషయంలో అబద్ధం ఆడలేరు. కాకపోతే వేసింది మార్చి దాచిన అసలు సీసాకి. ఎక్కడుందమ్మా అది?"

తబిత తలెత్తలేదు. "ఇంక్యుబేటర్‌లో, నా పేరున్న కింది అరలో. చదువులో క్రిస్టినా పేరే, ఇక్కడా దాని పేరే. చివరికి నా నాలుగో మాట కూడా దానికే ఇచ్చారు. ఓర్చుకోలేకపోయానండి."

"పారబోసేస్తే దొరికేదానివి కాదుగా?" అన్నాడు నిరంజన్.

"చెయ్యి రాలేదు. అది ఎంత కష్టపడి పెంచిందో నాకు తెలుసు."

క్రిస్టినా ఆ సీసాని తెచ్చి మైక్రోస్కోపు కింద చూసింది. కణాలు నిండుగా ఉన్నాయి. ఊపిరి పీల్చుకుని, సీసాని గుండెలకి హత్తుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"బతికించినందుకు థాంక్స్ తబితా. ఆదివారం క్వయర్‌లో మాత్రం నా పక్కన నిలబడకు."