తాన్‌సేన్ మంచులో విన్న గొంతు

ఆ ఉదయం వెంకటరావమ్మ వసారాలో గోనెపట్టా పరుచుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. పెదకాకాని దగ్గరి ఆ ఇంట్లో కాయ ఎండే రోజుల్లో ఘాటుకి ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉంటారు. కోడలు నాగజ్యోతి ఆవిడ పక్కన కాఫీ గ్లాసు పెట్టింది. హైస్కూల్లో తెలుగు చెప్పే నాగజ్యోతి, నేపాల్లో తాన్‌సేన్ అనే కొండ ఊళ్ళో పదిరోజుల కథల శిబిరానికి వెళ్ళి తిరిగొచ్చి వారమైంది.

"అక్కడ రాసిన కథ అమ్మకి వినిపించు జ్యోతీ," అన్నాడు భర్త చైతన్యకృష్ణ. "నిన్ను ఒక్కదాన్నే అంత దూరం పంపానని నన్ను తిట్టిపోసింది కదా."

"చదువమ్మాయ్. వింటూ పని చేసుకుంటాను," అంది వెంకటరావమ్మ.

నాగజ్యోతి వెంటనే లేవలేదు. అది తాను కల్పించిన కథో కాదో ఆమెకే తెలియదు. అక్కడ తెల్లవారేసరికి లోయలోని మంచు మెట్లెక్కి వచ్చినట్టు వీధుల్లోకి వచ్చేది. కిటికీ దగ్గర కూర్చుని ఏది వినిపిస్తే అది రాయమన్నారు శిబిరం నడిపే గురువుగారు. మిగతావాళ్ళు గుడిగంటల గురించి, కుక్కల గురించి రాశారు. ఆమెకి మాత్రం కిటికీ కింద ఒక ఆడపిల్ల గొంతు తెలుగులో వినిపించింది. ఆ బసలో తెలుగు వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు. తొంగి చూస్తే తడిసిన రాళ్ళు తప్ప మనిషి లేదు. మూడు రోజులు వరసగా అదే గొంతు, అవే మాటలు.

చివరికి నోటుపుస్తకం తెచ్చి చదివింది. "బుల్లక్కా, తలుపు తియ్యవే. చెవికమ్మ ఒకటి ఎక్కడో పడిపోయింది. నాన్నకి చెప్పొద్దే."

వెంకటరావమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదత్తయ్యా. అక్కడ విన్నాను."

"అబద్ధమాడకు. కనిగిరిలో మా పుట్టింటివాళ్ళనెవర్నో అడిగావు. మా ఇంటి గుట్టు కథ చేసి పదిమందిలో పెడతావా?"

"మీ ఊరు నేనింతవరకు చూడనేలేదు. బుల్లక్క ఎవరో కూడా నాకు తెలియదు."

వెంకటరావమ్మ కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది. "నేనే," అంది చివరికి. "నన్నలా పిలిచింది నా చెల్లెలొక్కతే."

"నాకో పిన్ని ఉందా?" అన్నాడు చైతన్యకృష్ణ.

"ఉండేది. దానికి పధ్నాలుగు, నాకు పదిహేడు. స్నేహితురాళ్ళతో తిరనాళ్ళకి వెళ్ళి తెల్లారి వచ్చింది. తలుపు తీస్తే నిన్నూ గెంటేస్తానన్నాడు నాన్న. గడియ మీద చెయ్యేసి నిలబడ్డానే గానీ తియ్యలేదు. అది పిలిచి పిలిచి చేలోకి పోయి, పత్తికి కొట్టే మందు తాగింది. పాము కరిచిందని ఊరికి చెప్పాం. ఆ కమ్మ వాకిట్లో నాకే దొరికింది. బావిలో పారేశాను. ఈ సంగతి మీ నాన్నక్కూడా చెప్పలేదురా."

నాగజ్యోతి నోటుపుస్తకం మూసి పక్కన పెట్టింది.

"అమ్మాయ్," అంది వెంకటరావమ్మ, ఎవరైనా వింటారేమోనన్నంత మెల్లగా. "దాని గొంతు ఎలా ఉంది? కోపంగా ఉందా?"

సర్దిచెప్పే మాట ఒకటి నాగజ్యోతి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ గొంతుని గుర్తు తెచ్చుకుని నిజమే చెప్పింది. "కోపం లేదత్తయ్యా. చలికి వణుకుతోంది. మీరు లోపలే ఉన్నారని తెలిసినట్టే పిలిచింది."

వెంకటరావమ్మ కారం చేతులతోనే ముఖం కప్పుకుంది. కళ్ళు మండిపోతున్నా చేతులు తియ్యలేదు. నలభై అయిదేళ్ళలో చెల్లెలి కోసం బయటికి ఏడవడం అదే మొదటిసారి. చైతన్యకృష్ణ చెంబుతో నీళ్ళు తెచ్చి తల్లి కళ్ళు కడిగాడు. నాగజ్యోతి ఆవిడని దగ్గరికి తీసుకుంది.

"నేను ఈ కథనెక్కడికీ పంపనత్తయ్యా. చించేస్తాను."

"వద్దు," అంది వెంకటరావమ్మ ఆమె చెయ్యి పట్టుకుని. "పాము కరవలేదని రాయి. దాని పేరు కోటేశ్వరి. అదీ రాయి."