చామంతి మీద ఒట్టు

2108 నాటికి విశాఖపట్నంలో బండి నడపడం వచ్చిన మనిషి ఒక్కడూ మిగల్లేదు. వీధిలోకి వచ్చి నిలబడితే పల్లకీ వస్తుంది. పల్లకీ అంటే బోయీలు మోసేది కాదు. చక్రాలు, స్టీరింగు, హారను ఏవీ లేకుండా రోడ్డుకు జానెడు ఎత్తున తేలుతూ పోయే గాజుగది. ఎక్కడికని కూడా అడగదు. మీ ముఖం చూసి, మీ క్యాలెండర్ చూసి, మీరు వెళ్లవలసిన చోటికి తీసుకుపోతుంది. వెళ్లాలనుకున్న చోటికి కాదు, వెళ్లవలసిన చోటికి. జనం దానికీ అలవాటు పడ్డారు. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, వాడితో వచ్చిన చిక్కే అది.

అలవాటు పడనివాళ్లు నలుగురు ఉండేవారు. ఆ నలుగురికీ కలిపి ఒక కారు ఉండేది. 1964లో ఓ చిన్న కంపెనీ ముప్ఫై తొమ్మిది కార్లు తయారుచేసి చేతులెత్తేసింది. అందులో ముప్ఫై ఎనిమిది పాతసామాన్ల కొట్లకు పోయాయి. మిగిలిన ఒక్కటీ ఇది. లేత పసుపు రంగు, గుండ్రటి దీపాలు, తలుపు మీద చేతితో గీసిన సన్నటి నల్లగీత. పేరు చామంతి. సింహాచలం కొండ వెనక పాత క్వారీలో తొలిచిన గదిలో దాన్ని ఉంచారు.

నలుగురిలో పెద్దవాడు దత్తి గౌరునాయుడు, లోహశాస్త్రంలో పండిపోయినవాడు. రెండోవాడు కూర్మారావు, నాయుడి భార్యకు సొంత తమ్ముడు. మూడో ఆమె నీలవేణి, చామంతిని మొదట కొన్న కుటుంబంలోని మనిషి. నాలుగో ఆయన డాక్టర్ యాకూబ్. వీళ్లలో వీళ్లకి ఎన్ని తగువులు వచ్చినా కారు బానెట్ మీద చెయ్యి వేసి చెప్పిన మాటతో సరి. కోర్టులో ఏ గ్రంథం మీదైనా అబద్ధం ఆడొచ్చు గానీ చామంతి మీద ఆడకూడదని వాళ్ల శాసనం. నవ్వొస్తే నవ్వండి. ఆ నలుగురూ మాత్రం ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ ఒట్టు తప్పలేదు.

ఇనుము అన్నాక తుప్పు పడుతుంది. వైజాగ్ ఉప్పుగాలికి ఇంకా తొందరగా పడుతుంది. దానికి విరుగుడుగా నాయుడు కనిపెట్టిందే స్థితిపొర. ఇంగ్లీషులో స్టేట్ ఫిల్మ్ అన్నారు. వెంట్రుకలో వెయ్యోవంతు మందం. అందులో కోట్లకొద్దీ నానోరోబోలు ఉంటాయి. నాయుడు వాటికి అణుకూలీలని పేరు పెట్టాడు. వస్తువు ఏ స్థితిలో ఉన్నప్పుడు పొర వేస్తారో, ఆ స్థితిని ఆ కూలీలు అణువు అణువునా గుర్తుపెట్టుకుంటాయి. ఆ తరవాత ఏ మార్పునూ ఒప్పుకోవు. గీత పడితే పూడుస్తాయి, దెబ్బ తగిలితే దాన్ని ఒళ్లంతా పంచుకుని మింగేస్తాయి.

చామంతికి పొర వేసిన రోజున తలుపులు మూసి, అద్దాలు ఎత్తి ఉన్నాయి. ఫొటోలో అలా అందంగా ఉంటుందని కూర్మారావు పట్టుబట్టాడు. కాబట్టి కూలీల లెక్కలో తలుపు తెరుచుకోవడం కూడా ఒక దెబ్బే.

బయటివాళ్లకు తెలియనిది ఇంకొకటి ఉంది. పొర కాచేది ఆకారాన్నే, దాని కింద ఇనుమన్నది ఎప్పుడో పోయింది. ఉన్నదంతా తుప్పు. ఆ తుప్పును కారు ఆకారంలో పట్టి నిలబెడుతున్నది పొర ఒక్కటే. దాన్ని ఏడాదికి ఒక్క గంట మాత్రం నిద్రపుచ్చవచ్చు. గంట దాటితే కూలీల పట్టు పూర్తిగా వదిలి కారు కూలిపోతుంది కనుక పొర తనంతట తానే మేలుకుంటుంది. ఆపడానికి మీట లేదు. మనిషి బుద్ధి మీద నమ్మకం లేక నాయుడే మీట పెట్టలేదు.

పొరను పూర్తిగా చంపే దారి ఒకటుంది, దాని పేరు ఉద్వాసన. అందుకు నలుగురూ ఒప్పుకోవాలి. ఓటు రహస్యం. ఎవరు కాదన్నారో, ఎంతమంది కాదన్నారో కూడా బయటికి చెప్పకూడదు. పదకొండేళ్ల క్రితం ఐదో భాగస్వామి ఒకాయన కారును మ్యూజియానికి అమ్మేద్దామన్నందుకు మిగతా నలుగురూ ఆయన్ను ఊళ్లో ఉండనివ్వలేదు. ఆ సిగ్గుతో రాసుకున్న నియమం అది. రాసింది కూడా నాయుడే.

ఆ ఏడు ఆయుధపూజనాడు పొద్దున్న పదింటికి పొరను నిద్రపుచ్చారు. పసుపు కుంకుమలు పెట్టారు, టెంకాయ కొట్టారు, కారును ముందుకు తోసి నాలుగు నిమ్మకాయలు తొక్కించి మళ్లీ నేల మీద గీసిన దాని గీత మీదికి లాగారు. నీలవేణి హారను మోగించింది. ఆ తరవాత ఒక్కొక్కరూ లోపల పది నిమిషాలు ఒంటరిగా, తలుపు వేసుకుని కూర్చోవాలి. పాత రెక్సిన్ వాసన, పెట్రోలు వాసన బయటికి పోకూడదు కదా. చివరి వంతు నాయుడిది.

గదిని చూసుకునే యంత్రం పేరు కావలి. మాట మహా మర్యాదగా ఉంటుంది.

"సమయం ముగియడానికి రెండు నిమిషాలు ఉన్నాయి. దయచేసి బయటికి రండి" అంది.

"వస్తున్నా" అన్నాడు నాయుడు. గేరు రాడ్డు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

కూర్మారావు అద్దం మీద తట్టాడు. "ఏటి బావా, అక్కడే కాపరం పెట్టీసినావా? అక్క పులిహోర సేసి కూకుంది. వచ్చీ."

"వస్తున్నానురా, ఒక్క క్షణం."

ఆ ఒక్క క్షణమే కొంప ముంచింది. అద్దాల మీద సన్నటి మెరుపు పాకింది. నాయుడు తలుపు పిడి తిప్పాడు. అది కదల్లేదు.

మొదటి అరగంట ఎవరూ పెద్దగా భయపడలేదు. యాకూబ్ డ్రిల్లు తెచ్చాడు, దాని ముక్కు అరిగిపోయింది. కూర్మారావు సుత్తితో అద్దాన్ని కొట్టాడు, చప్పుడైనా రాలేదు. చీమ దూరే సందును కూడా కూలీలు మూసేశాయి. గాలి కూడా ఆడదు. లోపలున్న గాలి ఆరుగంటలకు మించి సరిపోదని యాకూబ్ లెక్క కట్టాడు. తాను చేసిన పని ఎంత బాగా చేశాడో నాయుడికి ఆ రోజే తెలిసింది.

"యజమానులు కోరితే ఉద్వాసన ఓటింగ్ మొదలుపెడతాను" అంది కావలి.

"కోరడమేమిటి, వెంటనే పెట్టు" అంది నీలవేణి చెవిఫోనులో. "కారు మనిషి కన్నా ఎక్కువా? అన్నయ్యా, మీరు కంగారు పడకండి."

నలుగురి మణికట్ల మీదా రెండు వెలుగు చుక్కలు వచ్చాయి, పచ్చది అవును, ఎర్రది కాదు. నాయుడు వేలు చాచాడు. ఇంకా అయిదుగంటల గాలి ఉంది, ఈలోగా ఏదో ఒక దారి తట్టకపోదు అనుకున్నాడు. చేతిని ఒడిలో దాచుకుని ఎర్రచుక్క నొక్కాడు.

"ఏకగ్రీవం కాలేదు" అంది కావలి.

బయట ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లోపల నాయుడు తలొంచుకున్నాడు. సిగ్గు వేసింది. సిగ్గుతో పాటు, చెప్పకేం, కొంచెం గర్వం కూడా కలిగింది. వాళ్లు ముగ్గురూ కారు కంటే నన్ను ఎక్కువ ప్రేమిస్తున్నారు, నేనొక్కణ్ణే నాకంటే కారును ఎక్కువ ప్రేమిస్తున్నాను అనుకున్నాడు.

రెండింటికి రెండో ఓటు. అప్పటికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కణతలు అదురుతున్నాయి. కట్టిపడేసిన ఆ గాలిలో, ఎంతో ఇష్టమైన ఆ రెక్సిన్ వాసనకే ముక్కు మూసుకున్నాడు. అద్దాలు దగ్గరికి జరుగుతున్నాయేమో అనిపించి చేత్తో తడిమి చూసుకున్నాడు.

"నాయుడుగారూ, మాట్లాడకండి, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి" అన్నాడు యాకూబ్ చెవిఫోనులో. 

కూర్మారావు అద్దానికి నుదురు ఆనించి ఏడుస్తున్నాడు. "అక్కకేటి సెప్పమంటావు బావా? రెండుసార్లు ఫోను సేసింది. పూజ ఇంకా అవలేదని సెప్పీసినాను."

"అదే చెప్పు" అన్నాడు నాయుడు. మళ్లీ ఎర్రచుక్కే నొక్కాడు. ఇంకొక్క గంట చూద్దాం అనుకున్నాడు.

"ఏకగ్రీవం కాలేదు."

నీలవేణి తోటివాళ్ల మీద విరుచుకుపడింది. "ఎవరండీ అది? ఎదురుగుండా మనిషి చచ్చిపోతుంటే కాదనడానికి చేతులెలా వచ్చాయి?"

"అల్లా సాక్షిగా నేను కాదమ్మా" అన్నాడు యాకూబ్.

"నా బావని నానే సంపుకుంతానేటి?" అన్నాడు కూర్మారావు.

ముగ్గురూ అలా కీచులాడుకుంటుంటే నాయుడు వింటూ ఊరుకున్నాడు. నేనే అని ఒక్క మాట అంటే పోయేది. అనలేదు. ఆ మాట అంటే తనచేత ఓటు మార్పిస్తారని భయం.

మూడున్నర దాటింది. చూపు మసకబారింది. స్టీరింగు రెండుగా కనిపిస్తోంది. ఏ దారీ తట్టలేదు, తట్టదని కూడా తెలిసిపోయింది. అప్పుడు, అంత మగతలోనూ, పులిహోర గుర్తొచ్చింది. పొద్దున్న బయల్దేరుతుంటే భార్య చంద్రకళ, "ఇంగువ ఎక్కువేసాను, మీకిష్టమని" అంది. తను తల కూడా తిప్పకుండా, సరేలే అని వచ్చేశాడు. ఇప్పుడా ఇంగువ వాసన ఒక్కసారి పీల్చాలనిపించింది. ఆమె ఎదురుగా కూర్చుని, ఉప్పు సరిపోయిందా అని అడిగితే సరిపోయిందని చెప్పాలనిపించింది. ప్రాణం తీపి అని ఊరికే అనలేదు. నాయుడు వెక్కివెక్కి ఏడ్చాడు.

"కావలీ, మళ్లీ పెట్టు" అన్నాడు. ఈసారి చెయ్యి దాచుకోలేదు. పచ్చచుక్క నొక్కి, చామంతీ, క్షమించు తల్లీ అనుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఏకగ్రీవం కాలేదు."

పొరపాటున ఎర్రది నొక్కానేమో అనుకున్నాడు. "నా ఓటు నాకు చూపించు."

"మీ ఓటు: అవును" అంది కావలి.

అంత ఉక్కలోనూ నాయుడి ఒళ్లు చల్లబడింది. అద్దానికి అవతల మూడు ముఖాలున్నాయి. ముగ్గురి కళ్లలోనూ నీళ్లున్నాయి.

"వినండి" అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఆయాసం. "ముందు రెండుసార్లూ కాదన్నది నేనే. మీరు నా వల్ల తిట్టుకున్నారు. ఇప్పుడు మాత్రం అవునన్నాను. అయినా కుదరలేదు. నాకు బతకాలని ఉంది. ఒక్కొక్కరూ వచ్చి చామంతి మీద చెయ్యి వేసి చెప్పండి."

నీలవేణి ఆలోచించనైనా లేదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. "మూడుసార్లూ అవునన్నాను, చామంతి మీద ఒట్టు."

యాకూబ్ చెయ్యి వేశాడు. "నేనూ మూడుసార్లూ అవునన్నాను. చామంతి మీద ఒట్టు."

కూర్మారావు ముందుకొచ్చాడు. చెయ్యి ఎత్తాడు. బానెట్‌కు నాలుగు వేళ్ల దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. 

"నా వల్ల కాదు బావా" అన్నాడు. "దీని మీద అబద్దం ఎలాగాడతాను?"

నీలవేణి నివ్వెరపోయింది. "ఓరి దుర్మార్గుడా, అబద్ధం ఆడడానికి రాని చెయ్యి అక్క తాళి తెంచడానికి వచ్చిందా?"

కూర్మారావు ఆమె వైపు చూడనే లేదు. అద్దంలోంచి బావనే చూస్తున్నాడు. "నువ్వెలాగా కాదనే అంతావనుకున్నాను బావా. నీ సంగతి నాకు తెల్దేటి? నువ్వే కాదన్నాక నాదొకటి కలిస్తే ఏటి, కలవకపోతే ఏటి అనుకున్నాను. మా అయ్య సచ్చిపోయినపుడు కూడా నాకు ఏడుపు రాలేదు. ఇది పోతే ఏటైపోతానోనని బయమేసింది."

నాయుడికి కోపం రావాలి. రాలేదు. ఆ మాటల్లో ఒక్కటీ తనకు కొత్త కాదు.

"ఒరే కూర్మా" అన్నాడు, ఉన్న కాస్త ఊపిరితో. "మీ అక్క ఇంగువ ఎక్కువేసిందిరా."

కూర్మారావు నేల మీద కూలబడిపోయాడు. మోకాళ్లలో తల పెట్టుకుని, మళ్లీ ఓటు పెట్టమని కావలికి చెప్పి, చూడకుండానే మణికట్టు మీద నొక్కాడు. నీలవేణి, యాకూబ్, లోపల నాయుడూ మళ్లీ పచ్చచుక్కే నొక్కారు.

"ఏకగ్రీవమైంది. ఉద్వాసన మొదలవుతోంది."

పెద్ద చప్పుడేమీ కాలేదు. పసుపు రంగు పొడిపొడిగా రాలింది, దాని వెనకే ఎర్రటి దుమ్ము జారింది. తలుపు బందుల దగ్గర విరిగి పడిపోయింది. పైకప్పు కుంగకముందే యాకూబ్ నాయుణ్ణి చంకల కింద పట్టుకుని బయటికి లాగి, ముఖానికి ఆక్సిజన్ పెట్టాడు. రెండు నిమిషాలకు నాయుడి పెదవులకు రంగు వచ్చింది. అయిదు నిమిషాలకు లేచి కూర్చున్నాడు.

వెనక్కి తిరిగి చూశాడు. నాలుగు టైర్లు, అద్దాలు, సీటు స్ప్రింగులు, హారను. మిగతాదంతా ఒక ఎర్రటి కుప్ప. నూటనలభై నాలుగేళ్ల చామంతి ఇక లేదు.

కూర్మారావు పాక్కుంటూ వచ్చి అతని భుజాలు పట్టుకున్నాడు. "బావా, బతికీసినావు బావా."

నాయుడు ఆ కుప్ప మీంచి చూపు తిప్పి బావమరిది ముఖంలోకి చూశాడు. గొంతులో తుప్పు దుమ్ము గరగరలాడింది.

"ఎందుకొప్పుకున్నావురా?" అన్నాడు.

కూర్మారావు సాయం కోసం నీలవేణి వైపు చూశాడు, యాకూబ్ వైపు చూశాడు. మూడుసార్లూ అవునన్న మనుషులు వాళ్లు. వాళ్లు కూడా అదే అడుగుతున్నట్టు అతన్ని చూస్తున్నారు. కూర్మారావు చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. నలుగురి చేతులకూ ఆ ఎర్రదుమ్మే అంటుకుని ఉంది. ముగ్గురూ అతని చేతులనే చూశారు.