ఊరగాయ జాడీలో కిరసనాయిలు

రండి, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. అత్తాకోడళ్ల కథే గాని, మీరనుకునేలాంటిది కాదు. మా ఈబిన్ ఊళ్లో, నదికి ఇవతలి ఒడ్డున జరిగింది.

ఓ ఉదయం అత్త గ్వేరోంగ్ గంజి పొయ్యిమీద పెట్టి, ముల్లంగి ముక్కల కోసం జాడీ మూత తీసింది. అందులో ఉన్నవి మామూలు ఉప్పునీళ్లు కావు. ఆమె కాపురానికొచ్చేటప్పుడు కన్నతల్లి పోసిచ్చిన, కూరగాయలు ఊరేసే పులుపునీళ్లు. తల్లి పోయింది గాని ఆ నీళ్లు పోలేదు. ఏటికేడు కొత్త మిరపకాయలు, కొత్త అల్లం పడుతూ బతికే ఉన్నాయి. నూనె చుక్క తగిలిందా, ఇక అంతే సంగతులు.

మూత తీయగానే కిరసనాయిలు వాసన గుప్పుమంది. నీళ్లమీద నెమలికంఠం రంగులు తేలుతున్నాయి.

"షుయేచిన్! ఏయ్ అమ్మాయ్, ఇలా రా! నా జాడీలో దీపం వెలిగిద్దామనుకున్నావా?"

కోడలు జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. ఆమె పని పాత బ్యాటరీల కార్ఖానాలో. అక్కడ బ్యాటరీలను పొడి చేసి, యాసిడ్‌లో కరిగించి, ఆ నీళ్లను మందు కలిపిన కిరసనాయిలుతో చిలుకుతారు. కోబాల్టు నూనెలోకి ఎక్కి నూనె నీలంగా మారుతుంది, నికెల్ పచ్చటి నీళ్లలోనే ఉండిపోతుంది.

జాడీలోకి చూడగానే షుయేచిన్ ముఖం పాలిపోయింది. "నేనేనమ్మా..." అంది. మా వైపు అత్తనూ అమ్మా అనే పిలుస్తారు.

"నువ్వు కాక పక్కింటి పిల్లి పెట్టిందా చెయ్యి? చిలకడం వచ్చుగా, తీయడమూ నీకే వచ్చు. తియ్యి నీ నూనె!"

కోడలు గరిటెతో పైనూనె తీసి, కాగితం అద్దింది. నీళ్లు అద్దంలా తేరుకున్నాయి. గ్వేరోంగ్ ముఖం విప్పారింది. తినే పుల్లలతో ముల్లంగి ముక్క అందుకుంది. షుయేచిన్ ఆ చెయ్యి పట్టేసుకుంది.

"వద్దమ్మా. తేటగా కనబడితే నూనె పోయినట్టు కాదు. పైనూనె తీసేశాక కూడా కంటికి కనబడనిది నీళ్లలో మిగులుతుంది. మా దగ్గర బొగ్గులోంచి పోనిస్తే గాని ఆ నీళ్లను ముందుకు పంపం. ఇవి పారెయ్యాల్సిందే."

"పారెయ్యాలా! మా అమ్మది ఒక్క ఫోటో కూడా లేదే నా దగ్గర. మిగిలింది ఈ రుచొక్కటే. నేను తింటా, నువ్వు అడ్డం లే! ఆ పాడు ఉద్యోగమైనా మానెయ్, లేదా ఈ వంటగది గడప తొక్కకు!"

"తొక్కొద్దంటే తొక్కను. ఆ ముక్క మాత్రం మీ నోట పడనివ్వను."

"అసలు చెయ్యెందుకు పెట్టావే?"

"మొన్న మీకు జ్వరమని ఫోన్ చేశారు. నోరు చేదుగా ఉంది, ఒక్క పుల్లటి మిరపకాయ కావాలన్నారు. బట్టలైనా మార్చుకోకుండా పరుగెత్తుకొచ్చా. చేతులు కడిగా గాని, చొక్కా చేతి అంచుకు నూనె ఉందని చూసుకోలేదమ్మా."

గ్వేరోంగ్ చేతిలోంచి పుల్లలు జారిపోయాయి. ఆ సాయంత్రమంతా నుదుటిమీద తడిగుడ్డ వేస్తూ కూర్చున్న చెయ్యి గుర్తొచ్చింది.

"అదా... ఆ మిరపకాయ అంత ఘాటుగా ఉందేమిటా అనుకున్నా" అని నవ్వబోయి ఏడ్చేసింది.

తర్వాత తనే లేచింది. "పట్టు, ఆ పక్క." ఇద్దరూ కలిసి జాడీని మూతున్న డబ్బాలోకి వంపారు. "వెళ్లిరా అమ్మా" అంది గ్వేరోంగ్, ఆ పులుపునీళ్లతో.

సెలవురోజున షుయేచిన్ స్కూటరేసుకుని వంతెన దాటి పుట్టింటికెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు కాళ్ల దగ్గర కొత్త జాడీ, సంచిలో ఒక సీసా.

"మా పెళ్లినాడు మీరు మా అమ్మకు ఓ గిన్నెడు ఈ పులుపునీళ్లిచ్చారు కదా. ఆవిడ ఇంకా పెంచుతూనే ఉందమ్మా."

గ్వేరోంగ్ ఒక్క చుక్క నాలుకమీద వేసుకుంది. చాలాసేపు కళ్లు తెరవలేదు.

"అల్లం ఎక్కువేసింది మీ అమ్మ" అంది, చెంపలు తుడుచుకుంటూ. "మొదటి ముల్లంగి నువ్వే వెయ్యి."

"నా చేతులా?"

"మరెవరివి?" అత్త కోడలి చొక్కా చేతుల్ని మోచేతులదాకా మడిచి, పంపుకింద ఒక్కో వేలూ రుద్ది రుద్ది కడిగింది, చిన్నపిల్లకు కడిగినట్టు.

గుర్తుపెట్టుకోండమ్మా ఈ కథ. మీకు తెలిసిన అత్తాకోడళ్లు మూతులు ముడుచుకున్న రోజున నా మాటగా చెప్పండి. అల్లం సంగతి మాత్రం షుయేచిన్ వాళ్లమ్మ చెవిన పడనివ్వకండి.