కోట తలుపు తీసిందెవరు

1987 ఆగస్టు 19, బుధవారం. తెల్లవారినప్పటి నుంచి గాలి లేని వాన, గొడుగున్నా మోకాళ్ళ దాకా తడిపే రకం. తేదీ, వాతావరణం రాసుకోకుండా నేను ఏ పనీ మొదలుపెట్టను. చారిత్రక నవలలు రాసేవాడికి అదో జబ్బు. "మూడు వందల ఏళ్ళ కిందట ఏ రోజు వాన పడిందో చెబుతారు, ఇంట్లో పంచదార నిండుకుని ఎన్నాళ్ళయిందో చెప్పలేరు," అనేది మా ఆవిడ. నిజమే. చెప్పలేను.

నాకో నియమం ఉంది. నవలలోకి వచ్చే ప్రతి మనిషికీ ఒక కార్డు. రెండు పాత కాగితాలు ఒకే మాట చెబితేనే ఆ మాట కార్డెక్కుతుంది. నలభై ఏళ్ళలో ఒక్కసారే తప్పాను. శత్రువులకు కోట తలుపు తీసింది కావలివాడని రాశాను. ఆధారం ఒకే ఒక్క ఉత్తరం, అదీ కోట దళపతి స్వహస్తంతో రాసి, తన లక్క ముద్ర వేసుకున్నది. దళపతి వంశంవాళ్ళు నేటికీ పలుకుబడి ఉన్నవాళ్ళు. కావలివాడికి ముందూ వెనకా ఎవరూ లేరు. చచ్చినవాడు వచ్చి అడుగుతాడా అనుకున్నాను.

అయినా మనసు పీకుతూనే ఉంది. అచ్చుకిచ్చే ముందు ఇంకోసారి చూద్దామని ఆ రోజు రికార్డు ఆఫీసుకు వెళ్ళాను. నేలమాళిగ గది. మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. అక్కడ అగ్గిపుల్ల గీయకూడదు.

"కదలకండి గురువుగారూ. అడుగేస్తే ఏ శతాబ్దం మీద పడతారో. టార్చి తెస్తా," అంటూ రికార్డు కీపరు మెట్లెక్కాడు.

పాత కాగితాల వాసన నాకు అలవాటే. దాన్ని తోసుకుంటూ ఇంకో వాసన వచ్చింది. తడిసిన ఇనుము... చెమట... పచ్చి నెత్తురు. బల్లకు అవతల ఖాళీ కుర్చీ కిర్రుమంది.

"నేను కాదు..."

గుసగుస. మగ గొంతు. మెట్ల వైపు పరుగెత్తవలసింది. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ప్రతివాడూ అదే అంటాడు. ఆధారం?" అన్నాను.

కాగితాలు తిరిగాయి. ఒకటి... ఇంకొకటి... ఆగాయి. ఎవరో నా వేలు పట్టుకుని ఒకచోట ఆనించారు. ఆ పట్టులో ఎముకలున్నాయి. మాంసం లేదు.

కీపరు తెచ్చిన టార్చి వెలుగులో చూస్తే నా వేలి కింద కోట వైద్యుడి దినచర్య. తలుపు కావలివాడు పొద్దుగూకకముందే వెన్నుపోటుతో చచ్చాడనీ, తాళాలు దళపతి పట్టుకెళ్ళాడనీ ఉంది. కోట పడింది ఆ అర్ధరాత్రి.

"ఇది ఒకటే. నా నియమం రెండు," అన్నాను కుర్చీ వైపు చూసి.

"ఎవరితోనండీ?" అన్నాడు కీపరు. అనేలోపే వెనక అలమర నుంచి ఒక కట్ట జారిపడింది. కోట పడిన రోజు శవాలు మోసినవాళ్ళు రాసుకున్న జాబితా. మొదటి శవం కావలివాడిది. వేళ, సాయంత్రం.

నవల మార్చాను.

"కేసులేస్తారు మహానుభావా. దెయ్యానికి జడిసి పుస్తకం మారుస్తారా?" అన్నాడు జరిగింది విన్న ప్రచురణకర్త.

"దెయ్యానికి జడవలేదయ్యా. కాగితానికి తలవంచాను."

దళపతి వంశంవాళ్ళు కేసులు వేశారు. బెదిరించారు. ఒక్క అక్షరం వెనక్కి తీసుకోలేదు. నా తరవాత ఎవరో ఒకరు మెత్తబడతారనే భయంతో మొన్న వీలునామా రాశాను. ఇల్లు కూతురికి. కార్డులు రికార్డు ఆఫీసుకి. పుస్తకాల హక్కులు మనవరాలికి, ఒక్క అక్షరం మార్చకూడదన్న షరతుతో. అల్లుడికి నా చేతి గడియారం, ఎలాగూ అది నడవదు. చివర ఒక వాక్యం: దళపతికి ఏమీ లేదు.

వకీలు దాన్ని నా ఎదుటే ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. మర్నాడు పొద్దున్నే ఫోను చేసి, "ఒకసారి రండి సార్," అన్నాడు. వెళ్ళి చూస్తే వీలునామా ఆఖరి వాక్యం మీద ఎర్ర లక్క ముద్ర, దళపతి ఉత్తరం మీదున్నదే: గుర్రం మీద కత్తి దూసిన మనిషి. వేలు పెట్టి చూశాను. లక్క ఇంకా వేడిగానే ఉంది.

కలం అడిగి తీసుకుని, ముద్ర కింద మళ్ళీ రాశాను.

దళపతికి ఏమీ లేదు.