రుద్దబాకండి

“రుద్దబాకండి! చెయ్యి తీయండి ముందు!”

కెజియా చేతిలోని వేపనూనె గిన్నె జారి మంచం కిందికి దొర్లిపోయింది. గుమ్మంలో ల్యాబ్ అబ్బాయి సుశీల్ కుమార్, రక్తం తీసే సూదితో.

“మా అమ్మ కాలు నేను పిసికితే నీకేంది?”

వాళ్ళ ఊరు బోగోలులో కాలు వాచిందంటే గోరువెచ్చని నూనె పెట్టి రుద్దడమే. కడుపులో కేన్సరుతో ఆసుపత్రిలో చేరిన ఎస్తేరమ్మకు ఎడమకాలు అరటి బోదెలా వాచింది.

“ఒక్క కాలే వాచింది గదండీ. లోపల నెత్తురు గడ్డ ఉంటే, రుద్దితే కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.”

స్కానింగులో గడ్డ కనిపించింది. ఆ క్షణం నుంచి కెజియా తల్లిని తాకలేదు. చేతులు చున్నీలో దాచుకొని గోడకానుకుని నిలబడేది.

“కడుపులో కేన్సరుకీ కాలికీ సంబంధం ఏంది?” అని మర్నాడు ల్యాబుకే వెళ్ళి నిలదీసింది.

సుశీల్ ఆమెను మైక్రోస్కోపులోకి చూడమన్నాడు.

“ఆ ఊదా చుక్కలే ప్లేట్‌లెట్లు. వేలు తెగితే పరుగెత్తుకొచ్చి గండి పూడ్చేది ఇవే.”

“అమ్మో, ఇంత చిన్నవా!”

“కేన్సర్ కణం నెత్తుట్లోకి జారిందంటే వీటిని రెచ్చగొడుతుంది. ఇవేమో గాయమనుకొని దాని చుట్టూ మూగి, రోగాన్ని చంపే కాపలా కణాల కంట పడకుండా కప్పేస్తాయి. ఆ సందట్లో నెత్తురూ గడ్డ కడుతుంది.”

“అంటే, మంచి చెయ్యబోయే?”

“మంచి చెయ్యబోయే.”

కెజియా మళ్ళీ కన్ను ఆనించింది. ఎవరూ పిలవకుండానే, తనలోనూ ఇన్ని చుక్కలు కాపలా కాస్తున్నాయా! ఒళ్ళు జలదరించింది.

“పాపం, వీటికేం తెలుసు,” అంది.

“మీరు మాత్రం తెలిసి రుద్దారా?” అన్నాడు సుశీల్ మెల్లగా.

అప్పుడు ఏడ్చింది కెజియా, తనివితీరా.

గడ్డ పెరగకుండా పొట్టకు ఇంజెక్షన్లు పడ్డాయి. వాపు తగ్గింది. సుశీల్ మాత్రం పొద్దున్నే వచ్చేవాడు.

“ఈ రోజు రక్తం తీసేది లేదుగా?”

“నూనె గిన్నె ఉందేమో చూసిపోదామని.”

డిశ్చార్జి రోజు వాన. వరండాలో ఆటో కోసం ఎదురుచూపు. “కెజియా గారూ, మీరు ఊరికి పోతే…” అని సుశీల్ ఆగిపోయాడు.

చక్రాల కుర్చీలోంచి ఎస్తేరమ్మ అడిగింది. “నాయనా, నా బిడ్డ నా కాలి మీద చెయ్యి వెయ్యొచ్చా?”

“వెయ్యొచ్చమ్మా. రుద్దకుండా.”

చున్నీలోంచి చెయ్యి తీసి కెజియా అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది కాలు. కేన్సరు ఇంకా ఉంది, వైద్యమూ ఉంది. కానీ అమ్మ చేతికందింది.

ఎస్తేరమ్మ ఆ చేతిని పట్టుకొనే సుశీల్ వైపు తిరిగింది. “ఇంక నువ్వు నీళ్ళు నమలబాక. ఆదివారం ప్రార్థన అయినాక మీ అమ్మను బోగోలుకు పిల్చుకురా.”

సుశీల్ కెజియా వైపు చూశాడు.

“రాండి,” అంది కెజియా తల ఎత్తకుండా. “నూనె గిన్నె దాచిపెడతాలే.”